వార్డమ్మ గది, ఒక్క గాలి పరుపు

వార్డమ్మకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది. పెన్షన్ పుస్తకంలో తప్ప అది ఎక్కడా కనపడదు. ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిచినా ఆవిడ వెనక్కి తిరగదు, ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుంటుంది. పెద్దాసుపత్రి ఆడవాళ్ళ వార్డులో ఆయాగా చేరి, ఆ వార్డులోనే జుట్టు నెరిసి, ఆ వార్డు గుమ్మంలోంచే రిటైరై బయటికొచ్చిన మనిషి. నర్సులు మారారు, డాక్టర్లు మారారు, ఆఖరికి మంచాలు కూడా మారాయి. ఆవిడ మాత్రం కదల్లేదు. అందుకని వీధంతా కలిసి ఆ వార్డునే ఆవిడకు పేరుగా ఖాయం చేసేసింది.

ఇలాంటివాళ్ళ గురించి చెప్పేటప్పుడు నోరు పెద్దదే గానీ మనసు మెత్తన అనడం రివాజు. అదేం కాదు. ఆవిడకు నోరూ పెద్దదే, కోపమూ పెద్దదే. మంచాన పడ్డవాళ్ళను పక్కకు తిప్పకుండా వదిలేసే ఇంటివాళ్ళను ఆవిడ కడిగిపారేస్తుంటే వీధి చివరి టీకొట్టు దాకా వినపడేది. "దుప్పటి ముడత పడితే సర్దుతారే, కింద మనిషి నలిగిపోతుంటే సర్దరేం?" అని. తిట్లు తిన్నవాళ్ళే మర్నాడు మళ్ళీ వచ్చి ఆవిడనే పిలుచుకుపోయేవారు. నొప్పి తెలియకుండా మనిషిని పక్కకు తిప్పడం అందరికీ చేతకాదు మరి.

గది సంగతి ఒక వాకర్‌తో మొదలైంది. వార్డమ్మ భర్త బస్సు డ్రైవరు. రిటైరయ్యాక బాత్‌రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుని, ఒక వాకర్ కొనుక్కుని, దాన్ని తిట్టుకుంటూ కొన్నాళ్ళు నడిచి, పోయాడు. మనిషి పోయినా వాకర్ మూలన నిలబడే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆవిడ మొహం పక్కకు తిప్పుకునేది. పై వాటాలో ఉండే కండక్టరుకు మోకాలి ఆపరేషన్ అయిందని తెలియగానే మెట్లెక్కి వెళ్ళి ఇచ్చేసింది.

"ఉంచుకో అన్నయ్యా. నా కళ్ళ ముందు లేకపోతే అదే పదివేలు."

కండక్టరు సొంతంగా నడవడం మొదలెట్టాక ఆ వాకర్‌ను తనే మోసుకొచ్చి తిరిగిచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. వాళ్ళత్తగారు పోయాక అటక మీద పడేసిన చక్రాల కుర్చీని కూడా దాని వెంట పట్టుకొచ్చాడు. ఇక అక్కణ్ణుంచి ఆగలేదు. ఒకరు చంకకర్రలు తెచ్చారు, ఒకరు కమోడ్ కుర్చీ తెచ్చారు, ఇంకొకరు మంచం మీద కూర్చుని తినడానికి వేసుకునే బల్ల తెచ్చారు. అవసరమున్నవాళ్ళు తీసుకుపోవడం, అవసరం తీరాక తెచ్చి పెట్టేయడం. పైసా ఇచ్చింది లేదు, పుచ్చుకున్నది లేదు.

ఇల్లు నిండిపోయింది. పక్క వాటాలో ఉండే మరిది వడ్రంగి. ఒకసారి కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె కోసం వచ్చి, చంకకర్రలు కాళ్ళకు అడ్డం పడి బోర్లా పడ్డాడు. "వదినా, ఇలాగే ఉంటే నీ సామాన్లకు మొదటి గిరాకీ నేనే!" అని కేకలేశాడు. మర్నాడు ఆయనే పోయి గ్రంథాలయం ఆయన్ని బతిమాలి, వెనక వైపు ఎవరూ వాడని సైకిళ్ళ షెడ్డు తాళం సంపాదించాడు. రేకుల కప్పు, సిమెంటు నేల, ఒక కిటికీ. ఊగుతున్న కాళ్ళు బిగించడం, అరిగిన రబ్బరు బుడిపెలు మార్చడం ఆయన పని. మిగతాదంతా వార్డమ్మ పని.

ఆ గదికి కట్టుబాటు ఒకటే. ఇచ్చినదాన్ని తిరిగి అడగకూడదు. మొదట్లో ఒకసారి వార్డమ్మ ఒక ఇంటికి వెళ్ళి తలుపు తట్టి, "చక్రాల కుర్చీతో పని అయిపోయిందా అమ్మా?" అని అడిగింది. తలుపు తీసిన కూతురు ఆవిడ మొహం వంక చూస్తూ నిలబడింది. తండ్రి ఆ తెల్లవారుజామునే పోయాడట. ఆ చూపుకు వార్డమ్మ మెట్ల మీదే చతికిలబడిపోయింది. కుర్చీతో పని అయిపోయిందా అని అడగడమంటే మనిషి ఉన్నాడా పోయాడా అని అడగడమేనని అప్పుడు తెలిసొచ్చింది. ఆ తర్వాత ఎవర్నీ అడగలేదు. బాగుపడ్డ మనిషి తనే వచ్చి తిరిగిస్తే, "ఏదీ, ఆ గుమ్మం దాకా నడిచి చూపించు" అని నడిపించి మరీ చూసేది. వేరేవాళ్ళు తెచ్చిస్తే ఒక్క ముక్క అడిగేది కాదు. అందుకుని, కడిగి, ఎండలో పెట్టేది.

అన్నిటికన్నా గిరాకీ గాలి పరుపుకు. ఇక లేవలేనివాళ్ళ కోసం అది. మంచానికి తగిలించిన చిన్న మోటారు, పరుపులోని అరలకు ఒకదాని తర్వాత ఒకదానికి గాలి ఎక్కిస్తూ దించుతూ ఉంటుంది. ఒంటికి ఒకే చోట ఒత్తిడి పడదు, పుళ్ళు పడవు. గదికి ఉన్నది ఒక్కటే పరుపు. సెలూన్ నడిపే అతన్ని వీధిలో అందరూ కత్తెర అంటారు. అతని భార్య మెట్ల మీంచి పడి నడుం కింద స్పర్శ పోగొట్టుకున్న నాటి నుంచీ అది ఆవిడ ఒంటి కిందే ఉంది.

ఇలా ఉండగా బడి వాచ్‌మన్ వచ్చాడు. తల్లి మంచాన పడిందని, వీపు మీద తోలు లేచిపోతోందని, గాలి పరుపు కావాలని అడిగాడు.

"లేదు నాయనా," అంది వార్డమ్మ.

ఆ గదిలో నిలబడి ఆ మాట ఆవిడ ఎవరితోనూ అని ఎరగదు. వాకర్ లేకపోతే కర్ర ఇచ్చేది, కుర్చీ లేకపోతే బల్లకు చక్రాలు వేయించి ఇచ్చేది. దీనికి మాత్రం సర్దుబాటు లేదు.

"ఎవరి దగ్గరుందక్కా?"

చెప్పింది. చెప్పేశాక నాలిక కరుచుకుంది. అతను "సరే అక్కా" అని తల వంచుకుని వెళ్ళిపోయాడు. కత్తెర భార్య ఒకనాటికి లేచి నడిచొచ్చి పరుపు తిరిగిస్తుందనుకునేంత అమాయకులు ఆ వీధిలో ఎవరూ లేరు. ఆ పరుపు ఖాళీ కావడానికి ఇక ఒక్కటే దారి ఉంది, ఆ దారి తలపుకొస్తే వార్డమ్మకు ఒళ్ళు జలదరించేది. రోజూ వాచ్‌మన్ ఇంటికి వెళ్ళి ముసలావిడను పక్కకు తిప్పి, పుళ్ళు తుడిచి, దిండ్లు మార్చి వచ్చేది. ఒక చోట మానితే ఇంకో చోట లేచేది. "మందు రాస్తున్నావా, ముగ్గు వేస్తున్నావా?" అని ఆ ముసలావిడ విసుక్కునేది. నొప్పి అంతా ఆ విసుగులోనే చూపించేది, ఏడ్చేది కాదు.

కొత్త పరుపు కొనే తాహతు గదికి లేదు. చందాలడగడం వార్డమ్మకు చేతకాదు, అడగబోతే తిట్టినట్టుంటుంది. అలాంటప్పుడు మరిది గ్రంథాలయం గోడ మీద ఒక ప్రకటన చూశాడు. లాభం కోసం కాకుండా ఇరుగుపొరుగు కోసం నడిచే పనులకు చిన్న చిన్న గ్రాంట్లిచ్చే ట్రస్టు ఒకటి ఉందట. పిల్లలకు ఆట సామాను, వీధికి మొక్కలు, వయసైనవాళ్ళకు చదివి వినిపించే గుంపు, ఇలాంటివాటికి ఇస్తారట. గ్రంథాలయం ఆయన కాగితాలు నింపి పంపించాడు. ఒకావిడ వచ్చి చూస్తుందని జవాబొచ్చింది.

ముందురోజు వార్డమ్మ గది ఊడ్చింది. ఊడవడానికి అడ్డం కూడా ఏమీ లేదు. ఒక స్టూలు, మొన విరిగిన కర్ర ఒకటి, అంతే. అన్నీ ఇళ్ళల్లో ఉన్నాయి.

"ఏమయ్యా, మరీ ఇంత బోసిగా ఉంది. వచ్చినావిడ ఏమనుకుంటుందో."

ఊరికే అన్న మాట. మరిది మాత్రం దాన్ని పట్టుకున్నాడు. "నువ్వు బెంగపెట్టుకోకు వదినా. నేను చూసుకుంటాగా!"

ఆయన చూసుకుంటానన్నప్పుడల్లా ఏదో ఒకటి విరుగుతుందని వార్డమ్మకు తెలుసు. తెలిసీ ఊరుకుంది. ఆవిడకూ లోపల్లోపల ఆ బోసిగది నామోషీగానే ఉంది.

మర్నాడు ఉదయం బస్టాపు దాకా ఎదురువెళ్ళింది. దిగినావిడ వార్డమ్మ కన్నా చిన్నది. భుజాన సంచీ, చేతిలో గొడుగు, నవ్వు తక్కువ. వీధి అప్పటికే ఆవిడకు గ్రాంటావిడ అని పేరు పెట్టేసింది. దారిలో ఆవిడ అడిగినవాటికి వార్డమ్మ అవునండి, కాదండి అని మాత్రమే చెప్పింది. నోరు జారి ఎక్కడ ఎవర్ని తిట్టేస్తానో అని పళ్ళ బిగువున నడిచింది.

షెడ్డు తలుపు తీసింది.

గది నిండా సామాన్లు. గోడ వెంబడి వాకర్లు, కిటికీ కింద చక్రాల కుర్చీలు, మూలన కట్టగా చంకకర్రలు. ఒక్కొక్కటీ ఆవిడ గుర్తుపట్టింది. అదిగో టైలరు అన్నగారి కుర్చీ. అదిగో టీకొట్టు ముసలాయన కర్ర, పిడికి పచ్చ దారం చుట్టినది. నిన్న సాయంత్రం దాకా ఇవన్నీ మనుషుల కింద, మనుషుల చేతుల్లో ఉన్నాయి. ఒక్కరు కూడా నడిచొచ్చి తన చేతికివ్వలేదు. ఇంతమందీ ఒక్క రాత్రిలో పోయారా ఏమిటి? వార్డమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

అప్పుడు వాకర్ల వెనక నుంచి మరిది మొహం కనపడింది. ఛాతీ విరుచుకుని, కన్ను గీటుతూ.

ఇల్లిల్లూ తిరిగి, ఒక్క పూటకు ఇవ్వండి, గది నిండుగా కనపడాలి, వార్డమ్మ పరువు మన చేతుల్లో ఉంది అని ఊదరగొట్టి తెచ్చాడన్నమాట! వీధి వీధంతా వెర్రి అభిమానంతో తెచ్చిపడేసిందన్నమాట! వార్డమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కన గ్రాంటావిడ ఉంది కనక గుటక మింగింది.

"కూర్చోండి మేడం, కూర్చోండి," అంటూ మరిది, శుభ్రమైన దుప్పటి కప్పిన ఒక కుర్చీని ముందుకు జరిపాడు. మెత్తటిదీ చేతులున్నదీ గదిలో అదొక్కటే. గ్రాంటావిడ కూర్చుని చుట్టూ చూసింది.

"చాలా ఉన్నాయండి మీ దగ్గర."

"అన్నీ రెడీగా ఉంటాయండి మేడం! ఎవరెప్పుడొచ్చినా లేదనే మాట ఉండదు," అన్నాడు మరిది.

"ఇప్పుడు ఇవేవీ ఎవరూ వాడట్లేదా?"

"ఒక్కరు కూడా లేరండి!"

"మరి ఉన్నవాటికే వాడేవాళ్ళు లేనప్పుడు, ఇంకా కొనడానికి గ్రాంటు ఎందుకండి?"

వెటకారంగా అన్నది కాదు. మామూలుగానే అడిగింది. మరిది పక్కనున్న వాకర్‌ను అటు జరిపి ఇటు జరిపాడు. వదిన వంక చూశాడు. వార్డమ్మ ఆయన వంక చూసిన చూపుకు పాపం రెండడుగులు వెనక్కి వేశాడు.

అంతలో కండక్టరు భార్య రొప్పుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. కండక్టరుకు ఈమధ్యే రెండో మోకాలికీ ఆపరేషన్ అయింది. గ్రాంటావిడను చూసింది, ఆవిడ కూర్చున్న కుర్చీని చూసింది, చేతులు నులుముకుంది.

"వార్డమ్మా, ఏమనుకోకు... మా ఆయనకు ఆగట్లేదు. ఆ కుర్చీ ఒక్కసారి..."

"ఏ కుర్చీ?" అంది గ్రాంటావిడ.

కండక్టరు భార్య కళ్ళతోనే ఆ దుప్పటి కప్పినదాన్ని చూపించింది. గ్రాంటావిడ మెల్లగా లేచి, దుప్పటి ఎత్తి చూసి, మళ్ళీ కప్పింది. "తీసుకెళ్ళండమ్మా, త్వరగా," అని పక్కకు జరిగింది. ఆవిడ మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. కండక్టరు భార్య కమోడ్ కుర్చీని ఎత్తుకుని పరుగు లాంటి నడకతో పోయింది.

ఆ కుర్చీ అడ్డు తొలగాక దాని వెనక గోడకు ఆనించి ఉన్నది కనపడింది. నీలం రంగు, చుట్టగా చుట్టి తాడు కట్టారు. పక్కన మోటారు. వార్డమ్మ దగ్గరికెళ్ళి చెయ్యి వేసింది. మనిషి పడుకుని లేచిన పక్క ఎలా ఉంటుందో అలా గోరువెచ్చగా ఉంది.

"కత్తెరా!"

ఆ కేకకు గ్రంథాలయంలో పేపరు చదువుకునేవాళ్ళు లేచి కిటికీల్లోకి వచ్చారు. కత్తెర షెడ్డు బయటే ఉన్నాడు, గ్రాంటావిడ వెళ్ళగానే తిరిగి పట్టుకుపోదామని.

"ఏం అక్కా..."

"మనిషివేనా నువ్వు? కట్టుకున్నదాన్ని కింద పడేసి పరుపు పట్టుకొస్తావా? ఆమెకు నొప్పి తెలీదు కదా అని తెచ్చావా? తెలీనివాళ్ళకే ముందు పుండు పడుతుందని ఎన్నిసార్లు చెప్పి చచ్చాను! పట్టు అటు వైపు! ఏమయ్యా మరిదీ, నీ సంగతి ఇంటికొచ్చాక చెప్తాను."

గ్రాంటు, గ్రాంటావిడ, పరువు, ఏదీ గుర్తులేదు. పరుపు ఒక చివర తను, ఒక చివర కత్తెర పట్టుకుని వీధిన పడ్డారు.

సెలూన్‌లో సగం గడ్డం గీయించుకున్న మనిషి అద్దం ముందు సబ్బు నురగతో కూర్చుని ఉన్నాడు. అతన్ని దాటుకుని వెనక గదిలోకి వెళ్ళారు. ఒక మంచం, ఒక పొయ్యి, ఒక బీరువా పట్టే గది. కత్తెర భార్య మంచం మీద, మడతేసి పరిచిన దుప్పట్లపై వెల్లకిలా ఉంది. వార్డమ్మ వంగి, భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి వేసి తిప్పింది. తుంటి మీద అరచేతి మేర ఎర్రగా కమిలి ఉంది. వేలితో నొక్కింది. ఎరుపు పోయి, తెల్లబడి, మళ్ళీ ఎర్రబడింది. ఇంకా చెడలేదు. వార్డమ్మ ఊపిరి వదిలింది.

"వీడికి బుద్ధి లేదు సరే, నీకేమైందే? వద్దని చెప్పలేవూ?"

"ఆయన్నేమీ అనకక్కా. పట్టుకెళ్ళమంది నేనే," అంది కత్తెర భార్య. "ఆయన వద్దనే మొత్తుకున్నాడు. నేనే వినలేదు."

"ఎందుకూ?"

"ఆ వాచ్‌మన్ వాళ్ళమ్మ ఎన్నాళ్ళ నుంచో వట్టి పక్క మీద పడుంది. నేను ఒక్క పూట పడుకోలేనా? ఆ గ్రాంటొస్తే ఆవిడకూ ఒకటొస్తుంది కదా."

వార్డమ్మకు తిట్టడానికి మాట దొరకలేదు. ఆవిడ జీవితంలో అలాంటి సందర్భాలు అరుదు. పరుపు పరచడంలో మునిగిపోయింది. మెలికలు లేకుండా లాగి, గొట్టాలు మంచం చివరికి తెచ్చి, అప్పుడు చూసుకుంటే మోటారు లేదు. కోపంలో షెడ్డులోనే వదిలేసి వచ్చారు.

"మోటారు తెమ్మంటావా అక్కా?" అని కత్తెర తిరిగేసరికి గ్రాంటావిడ గుమ్మంలో ఉంది. సంచీ ఒక భుజాన, మోటారు రెండు చేతుల్లో.

"ఇది మర్చిపోయారండి," అంది.

కత్తెర భార్య తల ఎత్తి చూసింది. ఎవరో కొత్తగా అద్దెకొచ్చినావిడ అనుకున్నట్టుంది. "మంచిపని చేశావమ్మా. కాస్త ఆ ప్లగ్గు అక్కడ పెట్టు, బీరువా పక్కన. వదులుగా ఉంటుంది, గట్టిగా నొక్కు."

గ్రాంటావిడ గొడుగు కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ప్లగ్గు పెట్టి, గట్టిగా నొక్కింది. మోటారు గురగురమంది. అరలు ఒక్కొక్కటీ ఉబ్బడం మొదలైంది.

"నీకు షెడ్డు దగ్గర జరిగిందంతా తెలుసా అమ్మా?" అంది కత్తెర భార్య గొంతు తగ్గించి.

"కొంత తెలుసండి."

"అయితే నీకో దండం పెడతాను, నేనిలా పరుపు లేకుండా పడుకున్న సంగతి ఆ గ్రాంటావిడకు మాత్రం చెప్పకమ్మా. వీళ్ళు నాటకమాడారని ఇవ్వడం మానేస్తే, ఆ ముసలావిడ నోటి దగ్గరది నేను లాగేసినట్టవుతుంది."

కత్తెర గోడ వైపు తిరిగాడు. వార్డమ్మ పైకి చూసింది, కిందికి చూసింది, ఎటు చూడాలో తెలీక గొట్టం పట్టుకుంది. గ్రాంటావిడ ఇంకా నేల మీదే ఉంది. "చెప్పనండి," అంది. అని, మంచం మీంచి జారిపోతున్న దుప్పటి అంచును తీసి లోపలికి దోపింది.

తిరిగి వెళ్ళేటప్పుడు వార్డమ్మే నోరు విప్పింది. "తప్పు మా మరిదిది కాదండి. గది బోసిగా ఉందని నేనే అన్నాను. నాకే సిగ్గేసింది. నాటకమంటారో మోసమంటారో మీ ఇష్టం."

"గది ఎప్పుడూ బోసిగానే ఉంటుందా?"

"ఎప్పుడూనండి."

షెడ్డు దగ్గరికొచ్చేసరికి మనుషులు బారులు తీరారు. టైలరు అన్నగారిని ఇద్దరు మోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. టీకొట్టు ముసలాయన పచ్చదారం కర్ర వెతుక్కుంటున్నాడు. మరిది తలుపు దగ్గర నిలబడి, ఎవరి మొహం చూడకుండా, ఒక్కొక్కటే అందిస్తున్నాడు. చివరికి స్టూలూ, విరిగిన కర్రా మిగిలాయి. గ్రాంటావిడ స్టూలు మీద కూర్చుని రాసుకోవలసింది రాసుకుంది. నిర్ణయం తనొక్కదానిదే కాదని, కమిటీ ఉందని, మాట ఇవ్వలేనని చెప్పింది. గ్రాంటు వస్తే మాత్రం ఏది ఎవరింట్లో ఉందో రాసిపెట్టాల్సి ఉంటుందంది.

"రాస్తానండి. వెళ్ళి తెమ్మంటే మాత్రం తేను. ఆ తలుపులు నేను తట్టను."

"తట్టమని ఎవరూ అనట్లేదండి," అంది గ్రాంటావిడ.

జవాబు రావడానికి ఆలస్యమైంది. ఆ మధ్య కాలమంతా మరిది వదినకు ఎదురుపడకుండా సందుల్లోంచి తిరిగాడు. చివరికి వచ్చింది. అడిగినంత రాలేదు గానీ రెండు గాలి పరుపులకు సరిపోయింది. పనిచేస్తుందో లేదో చూడందే ఇవ్వనని మరిది డబ్బా చించి, గాలి ఎక్కించి, దించి, చుట్టచుట్టి ఒకటి భుజాన వేసుకున్నాడు. వార్డమ్మ మోటారు పట్టుకుంది. ఇద్దరూ వాచ్‌మన్ ఇంటికి బయల్దేరారు.

వాచ్‌మన్ గుమ్మంలోనే ఉన్నాడు, బడికి వెళ్ళబోతూ. మరిది భుజం మీది నీలం చుట్ట చూశాడు. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. సంతోషించి దారి ఇస్తాడనుకున్న మనిషి గుమ్మానికి అడ్డంగా చేతులు పెట్టి నిలబడిపోయాడు.

"ఎప్పుడక్కా?"

"ఏది ఎప్పుడు?"

"కత్తెరన్న వాళ్ళావిడ..."

వార్డమ్మకు అప్పటికి అర్థమైంది. "ఛీ, నోట్లో మాట నోట్లోనే ఉంచుకో! అది గుండ్రాయిలా ఉంది. ఇప్పుడే నన్ను తిట్టి పంపింది, ఇంకా తీసుకెళ్ళలేదా అని. ఇది కొత్తదిరా. ఎవరి కిందిదీ కాదు."

వాచ్‌మన్ గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. మరిది పరుపు దించాలో వద్దో తెలీక అలాగే నిలబడ్డాడు.

"బడికి దగ్గర దారి ఇటుందక్కా," అన్నాడు వాచ్‌మన్ కాసేపటికి. "నేను రోజూ అటు, సెలూన్ ముందు నుంచి వెళ్తున్నాను. మూసుందేమో చూసుకుంటూ. తెరిచుంటే... అమ్మ తోడక్కా, తెరిచుంటే నాకు కోపమొచ్చేది."

లోపల్నుంచి ముసలావిడ, ఎవర్రా గుమ్మంలో, గాలి రాకుండా అడ్డం నిలబడ్డారని కేకేసింది.

వీధిలో అందర్నీ ఏకిపారేసే వార్డమ్మకు ఆ మనిషిని ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. రోజూ ఆ ముసలావిడ వీపు తుడుస్తూ, ఆ ఒక్క పరుపు గురించి తనేం ఆలోచించిందో తనకు తెలుసు. ఆలోచించి, ఆ వెంటనే కత్తెర భార్య దగ్గరికెళ్ళి దుప్పట్లు సర్దిందని కూడా తెలుసు. అతని పక్కన గుమ్మంలో కూర్చుంది. వీపు మీద చెయ్యి వేసింది. తనకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"రేపట్నుంచి దగ్గర దారిన వెళ్ళు," అంది. "లే. అమ్మను తిప్పాలి, కాళ్ళ వైపు నువ్వు పట్టు."